నోరున్న కారు రివ్యూయర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? బెజవాడ, గుంటూరు వాళ్ళకి ఒక మార్గదర్శి

2021 దసరాకి డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. నన్ను ఒప్పించింది షోరూమ్ కుర్రాడు కాదు, యూట్యూబ్‌లో ఒక రివ్యూయర్. మనిషికి మొహమాటం లేదు. కంపెనీల్ని పేరు పెట్టి కడిగేస్తాడు. డీజిల్ ముందు పెట్రోల్ ఇంజిన్లు బొమ్మలన్నాడు. ఇంత ధైర్యంగా చెప్తున్నాడంటే నిజమే అయ్యుంటుందనుకున్నాను.

మా ఇల్లు పటమటలో, ఆఫీసు బందరు రోడ్డులో. పోను నాలుగు కిలోమీటర్లు, రాను నాలుగు. ఏడు నెలలు తిరిగేసరికి మీటరు దగ్గర పసుపు లైటు వెలిగింది. డీపీఎఫ్ మూసుకుపోయిందన్నారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో పొగ వెళ్ళే దారిలో మసిని పట్టే జల్లెడ లాంటిది ఒకటి ఉంటోంది. పట్టిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. అంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా పోవాలి. బెంజిసర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడితే మసి కాలదు, పేరుకుంటుంది. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ బాబాయ్ బానెట్ కూడా ఎత్తకుండానే, "రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిప్పుతావని కొనేముందు ఎవరూ అడగలేదా అబ్బాయ్?" అన్నాడు.

ఎవరూ అడగలేదు. రివ్యూయర్ అబద్ధం చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన ఆ బండిని ఘాట్ రోడ్డు మీద, హైవే మీద తోలాడు. అక్కడ అది నిజంగానే బాగుంది. నా ఎనిమిది కిలోమీటర్ల సంగతి ఆయనకెలా తెలుస్తుంది? ఆయన గొంతులోని ధైర్యాన్ని రుజువు అనుకోవడం నా తప్పు.

ఆ తర్వాత మా ఇంట్లో, చుట్టాల్లో కలిపి నాలుగు కార్లు కొన్నాం. ఆ నాలుగూ కొనేటప్పుడు చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను. వారం పది రోజులు పడుతుంది. పది పన్నెండు లక్షలు పెట్టి కొనే వస్తువుకి అదేమంత ఎక్కువ కాదు.

మొదటి అడుగు: కాగితం మీద మూడు గళ్ళు

మీరు అనుకుంటున్న కారు మీద రెండు వీడియోలు తీసుకోండి. ఒకటి పొగిడింది, ఒకటి తిట్టింది. కాగితం మీద మూడు గళ్ళు గీయండి: చూసింది, విన్నది, ఊహించింది. మన పాత తర్కశాస్త్రం వాళ్ళు ప్రత్యక్షం, శబ్దం, అనుమానం అన్నవి దాదాపు ఇవే. వీడియోలో మాట వచ్చినప్పుడల్లా ఆపి, అది ఏ గడిలోకి వెళ్తుందో రాయండి.

"వెనక సీట్లో నా మోకాళ్ళు ముందు సీటుకి తగులుతున్నాయి." చూసింది. "ఈ గేర్‌బాక్సులు పోతున్నాయని నాకు బోలెడు మెసేజ్‌లు వచ్చాయి." విన్నది. "ఈ ఇంజిన్ లక్ష కిలోమీటర్లు దాటదు, రాసిపెట్టుకోండి." బండి బజారులోకి వచ్చి మూడు నెలలైంది, లక్ష కిలోమీటర్లు ఇంకా ఎవరూ తిప్పలేదు. ఊహించింది.

ఇలా ఒక్కసారి చేసి చూస్తే మీకే నవ్వొస్తుంది. గొంతు ఎక్కడ పెరిగిందో గమనించండి. చూసిన సంగతి మామూలు గొంతుతో చెప్పి, ఊహించింది మాత్రం బల్ల గుద్ది చెప్పడం చాలామందికి అలవాటు. మన ఇళ్ళల్లో మావయ్యలు కూడా అంతే కదా.

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్ళని చూడండి. బస్తా మూతి దగ్గర కాయ ఎర్రగా నిగనిగలాడుతుంటే దాన్ని బట్టి రేటు కట్టరు. లోపలికి చెయ్యి పెట్టి కాయ తీస్తారు, విరుస్తారు, తేమ చూస్తారు. రివ్యూయర్ మనకి చూపించేది బస్తా మూతి. అది కూడా పనికొచ్చేదే. కానీ చెయ్యి లోపల పెట్టాల్సింది మనమే.

విన్న మాటల్ని కొన్నిసార్లు ఇంట్లో కూర్చునే లెక్కతో తేల్చుకోవచ్చు. ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ సంగతే తీసుకోండి. 2025లో "మైలేజీ సగానికి పడిపోయింది" అని గోల గోల అయింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు తక్కువ. పెట్రోల్‌లో ఐదో వంతు ఇథనాల్ కలిపితే, అసలేమీ కలపని పెట్రోల్‌తో పోల్చినా తగ్గేది 6, 7 శాతం దగ్గర. అంతకుముందు మనం వాడుతున్న దాంట్లో అప్పటికే 10 శాతం దాకా ఇథనాల్ ఉంది కాబట్టి తేడా ఇంకా తక్కువ. లీటరుకి 16 ఇచ్చే బండి 15 చిల్లర ఇస్తే అది ఇథనాల్ పని కావచ్చు. 8 ఇస్తే టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, ట్రాఫిక్ అన్నీ చూసుకోవాలి. పాత బండ్లలో రబ్బరు పైపుల సంగతి వేరే ప్రశ్న. దానికి మీ మోడల్, మీ సంవత్సరం ఈ20కి సరిపోతుందో లేదో కంపెనీ నుంచి రాతలో అడగాలి.

రెండో అడుగు: డబ్బు ఎటు నుంచి వస్తోంది

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. కొత్త కారు వచ్చినప్పుడు కంపెనీ రివ్యూయర్లని ఏ ఉదయ్‌పూర్‌కో గోవాకో పిలుస్తుంది. విమానం, హోటలు, బాగా సర్దిపెట్టిన బండి, ఒకటి రెండు రోజులు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బే కాదు, ఉచిత ప్రయాణాలు, బసలు కూడా జనానికి చెప్పాలి. అది కూడా కింద వివరణలో దాచకుండా వీడియోలోనే చెప్పాలి. చెప్పినవాడిని అనుమానించకండి. చెప్పనివాడి విషయంలోనే కాస్త జాగ్రత్త.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని మనం మర్చిపోతాం. తిట్టేవాడికి కూడా తిట్టడమే వ్యాపారం కావచ్చు. "నేను నిజం చెప్తాను కాబట్టే కంపెనీలు నన్ను పిలవవు" అన్న మాటకి వ్యూస్ బ్రహ్మాండంగా వస్తాయి. పిలవకపోవడం నిజాయితీకి సర్టిఫికెట్ కాదు. ఘాటుగా మాట్లాడినా నిలబడిన మాట ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మార్కెస్ బ్రౌన్లీ అనే యూట్యూబర్ ఫిస్కర్ ఓషన్ అనే ఎలక్ట్రిక్ కారుని తాను రివ్యూ చేసిన వాటిలోకెల్లా అధ్వాన్నమైందన్నాడు. మాట ఘాటే, కానీ ఎక్కడెక్కడ సాఫ్ట్‌వేర్ మొండికేసిందో ఒక్కొక్కటీ కెమెరా ముందు చూపించాడు. ఆ ఏడాది జూన్‌లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అప్పటికే దాని డబ్బు పరిస్థితి బాగోలేదు, వీడియో వల్లే మునిగిందనడం అతి. నేను చెప్పేదల్లా, ఆయన మాటలు చాలావరకు మొదటి గడిలోకి వెళ్తాయని.

మూడో అడుగు: మన్నిక సంగతి రివ్యూయర్‌ని అడగొద్దు

కారు మన్నిక అన్నది రెండు రోజుల్లో తెలిసే సంగతి కాదు, ఎంత గొప్ప డ్రైవరుకైనా. గేరు మెత్తగా పడుతుందా లేదా అన్నది ఆ పూటే తెలుస్తుంది. ఆ గేర్‌బాక్సు ఐదో ఏట ఎలా ఉంటుందో ఆ పూట తెలియదు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు డీఎస్‌జీని ప్రపంచమంతా పొగిడారు, రెప్పపాటులో గేరు మారుతుందని. అది నిజం. అదే గేర్‌బాక్సు కోసం 2013లో చైనాలో 3,84,181 కార్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. పొగిడిన వాళ్ళూ అబద్ధమాడలేదు, బాధపడిన ఓనర్లూ అబద్ధమాడలేదు. చూసిన కాలం వేరు.

అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే సంస్థ ఉంది. టెస్టు చేసే కార్లని తన డబ్బుతో, పేరు చెప్పకుండా షోరూమ్‌లో కొంటుంది. మన్నిక గురించి మాత్రం తన డ్రైవర్లని అడగదు, లక్షల బండ్ల ఓనర్లకి ప్రశ్నలు పంపి లెక్క తీస్తుంది. అంత పని మనం చేయలేం. చిన్నది చేయగలం. ఇలా చేయండి.

ఉదయం తొమ్మిదిన్నరకి, సోమవారమో శనివారమో, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ గేటు దగ్గరికి వెళ్ళండి. అమ్మే షోరూమ్‌కి కాదు, బాగుచేసే చోటికి. బండి ఇచ్చి ఆటో కోసమో క్యాబ్ కోసమో నిలబడ్డ వాళ్ళుంటారు. వాళ్ళకి మాట్లాడాలనే ఉంటుంది. మీరు కొనాలనుకుంటున్న మోడల్ ఓనర్లు ఐదుగురిని పట్టుకోండి. "బండి ఎలా ఉంది?" అని అడక్కండి, "బాగుంది" అనేస్తారు. ఎనిమిది లక్షలు పెట్టి కొన్నాక బాగాలేదని ఎవరంటారు? ఇలా అడగండి: ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఇవాళ దేనికి తెచ్చారు? ఈ పనికే ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చారు? పోయినసారి బిల్లు ఎంతైంది? రోడ్డు మీద ఎప్పుడైనా ఆపేసిందా? వారంటీలో ఏం మార్చారు, స్పేరు రావడానికి ఎన్ని రోజులు పట్టింది? ఇంజిన్, గేర్‌బాక్సు, తయారైన సంవత్సరం కూడా రాసుకోండి. అదే పేరుతో పెట్రోల్ మాన్యువల్‌కీ డీజిల్ ఆటోమేటిక్‌కీ మధ్య నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉండొచ్చు.

తర్వాత ట్యాక్సీ వాళ్ళు. రైల్వే స్టేషన్ దగ్గర, గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర ఎల్లో ప్లేటు బండ్లు ఉంటాయి. మన ఇంటి బండి పదేళ్ళలో తిరిగేది వాళ్ళకి రెండేళ్ళ పని. ఓనర్ కమ్ డ్రైవర్‌ని అడగండి, జీతానికి తోలేవాడికి బిల్లులు తెలియవు. "అన్నా, క్లచ్ ప్లేట్లు ఎన్ని వేలకి మార్చావు? సస్పెన్షన్‌లో ముందు ఏం పోతుంది? లింక్ రాడ్లా, బుష్షులా?" ఇలా అడిగితే టీ తాగించి మరీ చెప్తాడు. ఒక్క జాగ్రత్త. ట్యాక్సీ అతనికి లెక్క కిలోమీటరు ఖర్చు మీద ఉంటుంది. గుద్దితే ఏమవుతుందన్న ప్రశ్న ఆయన్ని అడిగి లాభం లేదు.

ఆటోనగర్ మెకానిక్‌ల మాట మన ఊళ్ళో వేదం. నాకూ గౌరవమే, ఆ మెకానిక్ బాబాయ్ లేకపోతే నా డీజిల్ బండి ఎప్పుడో తుక్కు కింద పోయేది. కానీ ఆయన దగ్గరికి వచ్చేవి చెడిపోయిన బండ్లే. ఎక్కువ అమ్ముడుపోయే బండి ఎక్కువ కనిపిస్తుంది. పైగా విప్పడానికి తేలికైన బండి అంటే మెకానిక్‌కి సహజంగానే ఇష్టం, సెన్సర్లు ఎక్కువున్నది అంటే చిరాకు. అందుకని ఆయన్ని "ఏ కారు మంచిది?" అని కాకుండా, "ఈ కారులో మొదట పోయేది ఏది, దానికి ఎంతవుతుంది?" అని అడగండి. అదే వీధిలో స్పేర్ల షాపుకి వెళ్ళి హెడ్‌లైటు, ముందు బంపరు, క్లచ్ సెట్ రేట్లు అడిగి రాసుకోండి. ఏ రివ్యూలోనూ రాని సమాచారం అది.

ఇంటర్నెట్‌లో కనిపించే ఫిర్యాదుల్ని లెక్కపెట్టేటప్పుడు, అలాంటి బండ్లు మొత్తం ఎన్ని తిరుగుతున్నాయో కూడా చూడాలి. ఒక మోడల్ నెలకి 15,000 అమ్ముడవుతోందనుకుందాం, ఏడాదికి 1,80,000. దాని మీద 200 ఫిర్యాదులు కనిపించాయి. ఇంకోటి నెలకి 500, ఏడాదికి 6,000. దాని మీద 40 ఫిర్యాదులు. చూడ్డానికి మొదటిదే చెత్త బండి. లెక్క కడితే రెండో దాని మీద ఫిర్యాదులు దాదాపు ఆరు రెట్లు. నోరున్న రివ్యూయర్లు ఎక్కువగా పట్టుకునేది మొదటి బండినే, ఎందుకంటే చూసే ఓనర్లు ఎక్కువ.

రీకాల్ అనగానే భయపడొద్దు. 2024 అక్టోబరులో హోండా మన దేశంలో ఇంధన పంపు మార్చడానికి 90,468 కార్లని పిలిచింది. 2023 జనవరిలో మారుతి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం 17,362 కార్లని పిలిచింది. ఉచితంగా మార్చిస్తారు. 2021 ఏప్రిల్ నుంచి దీనికి కేంద్ర నిబంధనలే ఉన్నాయి. ఈ వార్తల్ని "చూశారా, చెత్త కంపెనీ" అని థంబ్‌నెయిల్ చేసేవాళ్ళుంటారు. నాకైతే తప్పు ఒప్పుకుని పిలిచిన కంపెనీ కంటే, ఓనర్లు మొత్తుకుంటున్నా "అది మామూలే సార్" అనే సర్వీస్ అడ్వైజర్ మీదే ఎక్కువ అనుమానం. సెకండ్ హ్యాండ్ కొంటుంటే మాత్రం ఛాసిస్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి, రీకాల్ పని మిగిలి ఉందేమో చూసుకోండి.

నాలుగో అడుగు: భద్రత విషయంలో చేతితో కొట్టి చూడటం కట్టిపెట్టండి

తలుపు వేస్తే "ధబ్" అని చప్పుడు వచ్చింది, ఇది ట్యాంకు. బానెట్ బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది, ఇది డబ్బా రేకు. ఈ రెండు మాటలూ ఎన్ని లక్షల వ్యూస్ తెచ్చాయో లెక్కలేదు. తలుపు చప్పుడు లాక్, రబ్బరు బీడింగ్, లోపల అంటించిన షీట్లని బట్టి వస్తుంది. పైన కనిపించే రేకు దాదాపు అన్ని కార్లలోనూ పల్చనే. మిమ్మల్ని కాపాడే గట్టి ఉక్కు ఆ రేకు వెనక, స్తంభాల్లో, తలుపు లోపలి కడ్డీల్లో ఉంటుంది. ముందు భాగం నలగాలి కూడా. అది నలుగుతూ దెబ్బని మింగితే మనుషులున్న గది నిలబడుతుంది. ఆ ఆలోచనకి బేలా బారెనీ అనే ఇంజినీరు 1951లోనే పేటెంటుకి దరఖాస్తు చేశాడు. ముందు భాగం నుజ్జునుజ్జైన కారు ఫొటో పెట్టి "చూడండి ఎలా చితికిపోయిందో" అనేవాళ్ళు తలకిందులుగా చూస్తున్నట్టు. చూడాల్సింది ముందు తలుపు తెరుచుకుంటోందా, అద్దం పక్క స్తంభం వంగిందా, స్టీరింగు మనిషి మీదికొచ్చిందా అని.

అలాగే "మూడు పల్టీలు కొట్టింది, అందరూ లేచి వచ్చారు" అన్న వాట్సాప్ ఫొటోలు. లేచి వచ్చినవాళ్ళే ఫొటో పెడతారు. మిగతావాళ్ళ సంగతి పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్తగా వస్తుంది, కారు మోడల్ కూడా రాయరు.

దీనికి మందు క్రాష్ టెస్టు కాగితం. వీడియోలో నక్షత్రాలు చూసి వదిలేయకుండా అసలు రిపోర్టు తెరవండి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ టెస్టు సంస్థ మన దేశంలో బాగా అమ్ముడయ్యే 5 చిన్న కార్లని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ బండ్లకి వచ్చింది సున్నా. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ 5 నక్షత్రాలు తెచ్చుకుంది. 2023 అక్టోబరు 1 నుంచి మనకే భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. ఆ డిసెంబరులో వచ్చిన మొదటి ఫలితాల్లో టాటా హారియర్, సఫారీ 5 తెచ్చుకున్నాయి. ఈ టెస్టుకి వెళ్ళడం కంపెనీ ఇష్టం. కాబట్టి నక్షత్రాలు లేకపోవడానికీ సున్నా రావడానికీ తేడా ఉంది.

రిపోర్టులో నాలుగు చూడండి. ఒకటి, ఏ సంవత్సరం నిబంధనలు. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022 జులైలో రూలు గట్టిచేసింది. పక్క నుంచి గుద్దడం, స్తంభానికి గుద్దడం, బండి జారకుండా అదుపు చేసే ఈఎస్‌సీ అన్నీ చేర్చింది. అంతకుముందు 5, ఆ తర్వాత 5 ఒకటి కాదు. రెండు, ఎన్ని ఎయిర్‌బ్యాగుల వేరియంట్‌ని గుద్దారు, మీరు కొనేది అదేనా. మూడు, బాడీ షెల్ నిలకడగా ఉందన్నారా లేదా. నాలుగు, పిల్లల మార్కులు. భారత్ ఎన్‌క్యాప్‌లో మొత్తం మార్కులు పెద్దవాళ్ళకి 32, పిల్లలకి 49. 5 నక్షత్రాలకి 27, 41 రావాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే రెండో అంకె మీదే కన్నేయండి.

కంపెనీ పేరు చూసి తీర్పు చెప్పే రివ్యూయర్లకి ఈ కాగితాలే జవాబు. 2022 డిసెంబరులో మారుతి స్విఫ్ట్‌కి వచ్చింది 1 నక్షత్రం. అదే కంపెనీ కొత్త డిజైర్‌కి 2024 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లోనే వచ్చింది 5. "మారుతి అంటే రేకు" అన్నవాడు మొదటి దాని దగ్గర గెలిచి, రెండో దాని దగ్గర ఓడాడు. ఇంకో సంగతి: ఈ ముందు గుద్దుడు పరీక్ష మీ కారు దాదాపు తనంత బరువున్న కారుని గుద్దితే ఎలా ఉంటుందో చెప్తుంది. చిన్న కారు 5 నక్షత్రాలు చూసుకుని లారీతో పందెం వేసేది కాదు.

మరి భద్రత మీద నోరున్న వాళ్ళని కొట్టిపారేయాలా? కుదరదు. 1997 అక్టోబరులో స్వీడన్‌లో రాబర్ట్ కొలిన్ అనే జర్నలిస్టు కొత్త మెర్సిడెస్ ఏ-క్లాస్‌ని, రోడ్డు మీద అడ్డొచ్చిన జంతువుని తప్పించినట్టు, ఒక్కసారిగా పక్కకి తిప్పి మళ్ళీ లోపలికి తిప్పాడు. కారు బోల్తా పడింది. కంపెనీ మొదట గింజుకుంది, తర్వాత అమ్మకాలు ఆపి ఈఎస్‌పీ అన్ని బండ్లకీ పెట్టింది. మనమిప్పుడు ఈఎస్‌సీ అంటున్నది అదే. నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద గేదె అడ్డొచ్చిన ప్రతివాడూ ఆ స్వీడన్ వాడికి బాకీ ఉన్నాడు.

అంతకుముందు కథ ఇంకా తమాషా. 1965లో అమెరికాలో రాల్ఫ్ నేడర్ అనే లాయరు కార్ల కంపెనీల మీద పుస్తకం రాసి, షెవర్లే కోర్వేర్ అనే కారుని ఏకిపారేశాడు. జనరల్ మోటార్స్ ఆయన వెనక డిటెక్టివ్‌లని పెట్టింది. అది బయటపడి కంపెనీ అధ్యక్షుడు సెనేట్ ముందు క్షమాపణ చెప్పుకున్నాడు. 1966లో అక్కడ వాహన భద్రత చట్టం వచ్చింది. ఆ చట్టంతో వచ్చిన ప్రభుత్వ సంస్థే 1972లో తేల్చిందేమిటంటే, కోర్వేర్ అప్పటి సాటి కార్ల కంటే ఎక్కువ బోల్తా పడే బండేం కాదని! నేడర్ పెద్ద మాటలో గెలిచాడు, ఆ ఒక్క కారు విషయంలో ఆయన మాట అంతగా నిలవలేదు. నోరున్న వాళ్ళ దగ్గర ఈ రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకోవాలి. "కంపెనీలు వెనక సీటు వాళ్ళని పట్టించుకోవట్లేదు" అన్న మాట నిజం కావచ్చు, "కాబట్టి ఈ కారు శవపేటిక" అన్నది నిజం కాకపోవచ్చు.

ఇక ఏ రివ్యూలోనూ గట్టిగా చెప్పనిది బెల్టు సంగతి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో సీటుబెల్టు పెట్టుకోనివాళ్ళు 16,715. వాళ్ళలో 8,331 మంది డ్రైవర్లు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్ళు. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ గారు నల్గొండ జిల్లాలో కారు పల్టీ కొట్టి బయటికి విసిరేసినట్టు పడి పోయారు. బెల్టు లేదనే అప్పట్లో చెప్పారు. ఆ వారమంతా మన ఊళ్ళో అందరం బెల్టు పెట్టుకున్నాం. వారమే.

వేగం గురించి ఒక్క లెక్క. టెస్టు చేసేది 64లో. నాలుగు వరసల హైవే మీద కార్లకి గరిష్ఠ పరిమితి 100. వేగం 64 నుంచి 100కి పెరిగితే దెబ్బలో శక్తి దాదాపు రెండున్నర రెట్లు. కాజ టోల్ దాటాక 130 కొట్టి "నాది ఫైవ్ స్టార్" అనేవాళ్ళు ఈ గుణకారం ఒకసారి చేసుకోవాలి.

ఐదో అడుగు: మన ఎండలో, మన రోడ్డు మీద మీరే తోలండి

షోరూమ్ వాళ్ళిచ్చే రెండు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్ పనికిరాదు. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి, వీలైతే మే నెలలో. మన దగ్గర 45 డిగ్రీలు కూడా చూస్తాం. జనవరిలో ఉదయ్‌పూర్‌లో "ఏసీ సూపర్" అన్నవాడి మాట ఇక్కడ చెల్లదు. అమ్మనీ నాన్ననీ వెనక కూర్చోబెట్టండి. బెజవాడలో అయితే ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో కాసేపు, తర్వాత కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా గొల్లపూడి వైపు. గుంటూరులో లాడ్జి సెంటర్, చుట్టుగుంట, అక్కణ్ణించి హైవే ఎక్కి పెదకాకాని దాకా. వెనక వాళ్ళకి గాలి తగులుతోందా, స్పీడ్ బ్రేకర్ మీద నాన్న నడుముకి ఎలా ఉంది, మలుపులో అద్దం పక్క స్తంభం బైకుని దాచేస్తోందా చూడండి. మధ్య సీటుకి మూడు పాయింట్ల బెల్టు, తల ఆనించుకునే దిండు ఉన్నాయా అన్నది కూడా. రాత్రి ఒకసారి హెడ్‌లైట్లు కూడా చూస్తే మంచిది, ఒప్పుకోకపోయినా అడగండి.

సెకండ్ హ్యాండ్ వాళ్ళకి ఒక ముక్క. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్ళలో నానాయో మనందరం చూశాం. కన్సల్టెన్సీలో ఏ బండి చూసినా ముందు సీటుబెల్టు చివరిదాకా లాగండి, కొసలో బురద చార ఉంటుంది. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి. మీ బండే నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ కొట్టొద్దు. ఇంజిన్‌లోకి పోయిన నీళ్ళు కనెక్టింగ్ రాడ్లని వంచేస్తాయి. ఎస్‌యూవీ కదా అని నీళ్ళలోకి దింపే వీడియోల్ని అనుకరించడం కంటే ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకోవడం చవక.

ఆరో అడుగు: రివ్యూయర్ పాత జాతకం

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. మీరు నమ్మే రివ్యూయర్ మూడు నాలుగేళ్ళ కిందటి వీడియోలు ఐదు తెరవండి. అప్పుడు జోస్యం చెప్పిన బండ్లు ఇప్పుడు రోడ్డు మీదే ఉన్నాయి, పై అడుగుల్లో మీరు పోగుచేసిన సమాచారంతో పోల్చండి. ఎన్ని నిలిచాయి? తప్పిన చోట ఆయన తర్వాత ఎక్కడైనా ఒప్పుకున్నాడా? నా డీజిల్ రివ్యూయర్ మీద ఈ పరీక్ష పెట్టాను. బండి నడక, సీట్లు, బ్రేకుల గురించి చెప్పినవి దాదాపు అన్నీ సరిపోయాయి. మన్నిక మీద చెప్పినవి సగానికి సగం బొమ్మా బొరుసే. అందుకని ఇప్పటికీ ఆయన్ని చూస్తాను, మొదటి గడి కోసం.

పోయిన ఏడాది గుంటూరు బ్రాడీపేటలో మా బావమరిది ఈ పద్ధతిలోనే కారు తీసుకున్నాడు. ఇద్దరు రివ్యూయర్లు తిట్టిన బండి అది. 5 నక్షత్రాలు, 6 ఎయిర్‌బ్యాగులు, పిల్లల మార్కులు కూడా గట్టివే, సర్వీస్ సెంటర్ గేటు దగ్గర ఐదుగురిలో నలుగురు మంచిగానే చెప్పారు. తెచ్చిన సాయంత్రమే సీటు కవర్లు వేయించడానికి వెళ్ళాం. షాపు కుర్రాడు అరగంటలో బిగించేశాడు. చూస్తే ముందు సీట్ల పక్క ఎయిర్‌బ్యాగులు తెరుచుకునే చోట కవరు గట్టిగా కుట్టేసి ఉంది, వెనక బెల్టు బకిల్స్ మూడూ కవరు కిందికి పోయాయి. "వెనక ఎవరు పెట్టుకుంటారు బావగారూ?" అన్నాడు కుర్రాడు. మా బావమరిది మళ్ళీ అన్నీ విప్పించి, ఎయిర్‌బ్యాగులకి సరిపోయే కవర్లు తెప్పించమని అడ్వాన్సు ఇచ్చాడు. అవి వచ్చేదాకా తొమ్మిది రోజులు మా అత్తగారు సీటు మీద పాత దుప్పటి వేసుకుని, బకిల్ పైకి తీసి పెట్టుకుని కూర్చున్నారు.